ఒక్కసారే అడిగింది

ఆ పొద్దున గొడవంతా ఒక గులాబీరంగు టోపీ గురించి.

మూడేళ్ల క్రితం ఇంట్లో దిగిన ఒక ఫ్రెంచి అమ్మాయి దాన్ని మేడ మీద ఆరేసి మరిచిపోయింది. చొరోల్ దాన్ని ఉతికి, మడిచి, అతిథులు వదిలేసి వెళ్లిన వస్తువులుండే రేకు పెట్టెలో పెట్టింది. ఆ పెట్టెలో ఒంటి మేజోళ్లు, ఒక కళ్లజోడు, సగం పిండిన పళ్లపేస్టు, ఏ భాషో తెలియని పుస్తకం ఉంటాయి, ప్రతిదానికీ తేదీ రాసిన చీటీ కట్టి ఉంటుంది. ఇప్పుడు అత్తగారు నోర్జోమ్ ఆ టోపీ తల మీద పెట్టుకుని, పార భుజాన వేసుకుని, బార్లీ చేనుకి బయల్దేరింది.

"ఆమాలే, అది మనది కాదు" అంది చొరోల్.

"మనింట్లో ఉన్నది మనది కాకపోతే పక్కింటివాళ్లదా?"

"ఆ పిల్లది. వస్తే ఇవ్వాలి."

"మూడేళ్లయింది. ఈపాటికి పెళ్లయి చంకలో ఒకర్ని ఎత్తుకుని ఉంటుంది. టోపీ కోసం సముద్రం దాటి వస్తుందా?"

"ఒకవేళ వస్తే?"

"వస్తే నా నెత్తి మీద చూసి మురిసిపోతుంది. నీ పెట్టెలో చిమటలు కొట్టేసినదాన్ని చూస్తే మాత్రం ఏడుస్తుంది."

పొయ్యి దగ్గర కూర్చుని రొట్టె తుంపుకుంటున్న తుండుప్ గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే..."

"నిన్నెవరూ అడగలేదు" అన్నారు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి. తుండుప్ రొట్టెను టీలో ముంచుకుని నోట్లో పెట్టుకున్నాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఇరవై ఏళ్లుగా అతను చేస్తున్న పని అదే.

టోపీ సంగతి తేలకముందే వాకిట్లో కలకలం మొదలైంది.

వాళ్ల ఊరు యాంగ్‌తాంగ్‌లో అతిథులు ఇంటింటికీ వంతుల ప్రకారం దిగుతారు. క్రితం రాత్రి వంతు చొరోల్ ఇంటిది. లికిర్ నుంచి నడుచుకుంటూ పూణే ఆడవాళ్లు ఆరుగురొచ్చారు. వాళ్లలో ఒక్కరూ ఇంతకు ముందు కొండెక్కినవాళ్లు కారు. అందుకే ఈ దారి పట్టారు. లికిర్ నుంచి తెమిస్‌గాం దాకా మూడురోజుల నడక. కనుమలు చిన్నవి, ప్రతి రాత్రికీ ఒక ఊరు తగులుతుంది. లేహ్‌లో గైడ్లు దీన్ని పసిపిల్లల నడక అని ఎగతాళి చేస్తారు. ఆ మాట వాళ్లు నడిచేవాళ్ల ముందు అనరు, డబ్బులు పుచ్చుకున్నాక వెనకాల అంటారు.

ఆ గైడ్లలో ఒకడైన అంగ్‌చుక్ ఇప్పుడు వాకిట్లో మఫ్లరు దవడకి చుట్టుకుని నిలబడి ఉన్నాడు. రాత్రికి రాత్రి అతని చెంప బన్నులా ఉబ్బింది. పన్ను.

"నేను నడవలేను అచేలే. తల మొత్తం డప్పులా మోగుతోంది. ఉళేటోక్‌పో దాకా జీపు దొరికితే లేహ్ వెళ్లి పీకించుకుంటా." అతను చొరోల్ కంటే పదేళ్లు చిన్నవాడు, అందుకే ఆమె అతనికి అచేలే, అక్కగారు. "వీళ్లని మీరు తీసుకెళ్లండి. ఈరోజు హెమిస్ షుక్‌పాచన్, రేపు తెమిస్‌గాం. అంతే."

"నేనా? ఇంట్లో పనెవరు చేస్తారు?"

"రెండురోజులేగా. మీ పుట్టిల్లు ఆ దారిలో ఆంగ్ ఊళ్లోనే కదా. మీకు తెలిసినంత దారి నాక్కూడా తెలియదు."

"వద్దులే తమ్ముడూ. నా హిందీ విని వాళ్లు నవ్వుతారు."

"అచేలే, నా పన్ను మీద ఒట్టు. మీరు వెళ్లకపోతే వాళ్లు ఇక్కడే కూర్చుని మీ రొట్టెలన్నీ తినేస్తారు."

"సరే" అంది చొరోల్. "నీ పన్ను కోసం వెళ్తా."

అక్కడ ఎవరైనా అంతే. అడగ్గానే ఒప్పుకునేవాళ్లని యాంగ్‌తాంగ్‌లో ఆత్రగాళ్లంటారు. టీ పోస్తామన్నా, పండక్కి పిలిచినా, పెళ్లిసంబంధం తెచ్చినా, మొదటి రెండుసార్లూ వద్దనాలి. ఆ వద్దుల్ని ఎవరూ పట్టించుకోరు. మూడోసారి వచ్చిన మాటే మాట. ఈ బేరం జరుగుతున్నంతసేపూ ఆ గుంపుని తెచ్చిన వైదేహి మేడ మీద ఫోనుకి సిగ్నలు వెతుక్కుంటూ ఉంది. కిందికి దిగేసరికి చొరోల్ వస్తుందన్న మాట మాత్రమే ఆమె చెవిన పడింది.

చొరోల్ బూట్ల తాళ్లు రెండేసి ముళ్లు వేసి కట్టుకుంది. పందొమ్మిదేళ్లుగా తన వాకిట్లోంచి నడకవాళ్లు బయల్దేరడం చూస్తోంది. సంచులు తగిలించుకుని, మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడ దాటి, మలుపు తిరిగి, కనపడకుండా పోతారు. ఆమె గిన్నెలు తోముకుంటుంది. ముందు నడిచే మనిషి ఎప్పుడూ మగవాడే, ఎప్పుడూ ఒకటే తొందర. వెనకబడిన వాళ్లు రొప్పుతుంటే వాడు ఎక్కడో పైన రాయి మీద కూర్చుని సిగరెట్ కాలుస్తూ ఉంటాడు. నేనైతే అలా నడిపించను, అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. ఎవరితోనూ అనలేదు. కూతురు లేహ్ హాస్టలుకి వెళ్లిపోయాక ఆ కోరిక మరీ గట్టిపడింది.

నోర్జోమ్ గుమ్మంలో నిలబడి చూసింది. "దారిలో మీ అమ్మని చూసి రా. ఎక్కువసేపు కూర్చోకు, నీళ్ల వంతు శుక్రవారం మనదే" అని, టోపీతోనే చేనుకి వెళ్లిపోయింది.

*

ఊరు దాటగానే చొరోల్ వరస మార్చింది. నిన్న అందరికంటే వెనక నడిచిన సులభ అనే ఆవిణ్ని పిలిచి, సరిగ్గా తన వెనకాల నిలబెట్టింది. సులభకి యాభై ఎనిమిదేళ్లు. బ్యాంకులో పనిచేసి రిటైరైంది. మోకాళ్లకి పట్టీలు, చేతిలో కొత్త కర్ర, ముఖం నిండా తెల్లటి క్రీము.

"నన్ను ముందు పెడితే అందరూ ఆలస్యమైపోతారు" అంది సులభ ఇబ్బందిగా.

"మీరు ముందుంటే ఎవరూ ఆలస్యం కారు అచేలే. అందరూ మీతోనే వస్తారు."

నిండా పెరుగున్న కుండ నెత్తిన పెట్టుకున్నట్టు నడిచింది చొరోల్. అడుగుకి అడుగు, ఎక్కడా విసురు లేదు. నిరుడు మోకాళ్ల నొప్పులున్న అత్తగారిని రిజోంగ్ మఠానికి తీసుకెళ్లింది ఇలాగే. వెనక నుంచి పడుచువాళ్లు కొందరు దాటిపోబోయారు. వాళ్లతో గొడవపడలేదు, కానీ మణి గోడ వచ్చినప్పుడు ఎడమపక్కన వెళ్లాలని ఆపింది, సెలయేరు దగ్గర రాళ్లు చూపించడానికి ఆపింది, గోడవారన పూసిన అడవి గులాబీ దగ్గర ఫొటోలు తీసుకోమని తనే ఆపింది. కాసేపటికి వాళ్లకీ ఆ నడకే అలవాటైంది.

"ఇంకెంత దూరం?" అని ఎవరో అడిగారు.

"పిండి పొంగేంత."

"అంటే ఎన్ని కిలోమీటర్లు?"

"అది నాకు తెలియదమ్మా. రొట్టెపిండి కలిపి పొయ్యి పక్కన పెడితే ఎంతసేపట్లో పొంగుతుందో అంతసేపు."

"ఎండాకాలమా, చలికాలమా?" అంది సులభ రొప్పుతూనే.

చొరోల్ వెనక్కి తిరిగి చూసి నవ్వింది. "ఎండాకాలం."

"అయితే ఫరవాలేదు" అంది సులభ.

కనుమ కింద అసలు ఎక్కుడు మొదలైంది. ఎర్రమట్టి కొండ, దాని మీద మెలికలు తిరిగిన సన్నటి దారి, పైన ఎక్కడో గుడ్డపీలికల్లా ఎగురుతున్న జెండాలు. సులభ తలెత్తి చూసింది. కర్ర నేలకి ఆనించి, అక్కడే రాయి మీద కూలబడింది.

"చొరోల్, నేను వెనక్కి వెళ్లిపోతా. మీ ఇంట్లోనే ఉంటా. నా వల్ల కాదు."

వైదేహి గబగబా దగ్గరికొచ్చింది. మరాఠీలో పిన్నిని కాకీ అన్నట్టే సులభనీ అంటుంది. "మీరు చెయ్యగలరు కాకీ! ఇంతదూరం వచ్చారు..."

చొరోల్ ఆమెను చెయ్యెత్తి ఆపింది. ఫ్లాస్కు తీసి సులభ చేతిలో టీ పెట్టి, తనూ పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరూ లోయలోకి చూశారు. కింద యాంగ్‌తాంగ్ చేలు పచ్చటి పీటలు పరిచినట్టున్నాయి.

"రాత్రి మీరు అన్నంలోకి ఏదో ఊరగాయ తీశారు" అంది చొరోల్. "తియ్యగా, పుల్లగా. మా అత్తగారు రెండుసార్లు వేసుకుంది. ఏంటది?"

"నిమ్మకాయ. నేనే పెట్టా."

"ఎలా పెడతారు?"

"ఇప్పుడా?"

"నడుస్తూ చెప్పండి. అలిసిపోతే మాట ఆగుతుంది, మాట ఆగితే నేను ఆగుతా. వెనక్కి వెళ్లాలనిపించినప్పుడు వెళ్దాం, నేనే తీసుకెళ్తా."

సులభ లేచింది. పల్చటి తొక్క ఉన్న కాయలు ఏరాలంది. కడిగి, తడి లేకుండా తుడిచి, నాలుగేసి ముక్కలు కోయాలంది. ముక్కలు కోశాక మాట ఆగింది. చొరోల్ ఆగింది. పది ఊపిరులు. మళ్లీ బయల్దేరారు. ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తి ఎనిమిదిరోజులు ఎండలో పెట్టాలి, రోజూ కుదపాలి. జాడీ ఎండలో ఉండగా రెండు మెలికలు దాటారు. బెల్లం దగ్గర గట్టిగా రొప్పొచ్చి కాస్త ఎక్కువసేపు నిలబడ్డారు. బెల్లం పాకం పట్టాలా, తురిమి వెయ్యాలా అన్నదాని మీద వెనకాల నడిచేవాళ్లలో ఒకావిడ అడ్డుపడింది. తన అత్తగారు పాకం పడుతుందట.

"మీ అత్తగారి ఊరగాయ మూడునెలలకి గడ్డకడుతుంది, చూసుకోండి" అంది సులభ, వెనక్కి తిరగకుండానే.

మెంతిపొడీ కారం కలిపి మూత పెట్టే సమయానికి గాలి ఒక్కసారిగా ముఖాన కొట్టింది. ఎదురుగా ఇంక కొండ లేదు. జెండాలు చెవుల పక్కనే పటపటలాడుతున్నాయి. అవతల కింద హెమిస్ షుక్‌పాచన్, దాని వెనక నల్లగా దేవదారు చెట్ల గుంపు, ఆ వెనక మంచు.

సులభ చుట్టూ చూసింది. "ఇదేనా పైన?"

"ఇదే."

"నేను ఎక్కానా?"

"మీ నిమ్మకాయలు ఎక్కాయి, మీరు వాటి వెనకాల వచ్చారు."

సులభ నవ్వబోయి ఏడ్చేసింది. క్రీము మీద కన్నీళ్లు చారలు కట్టాయి. చొరోల్ తన శాలువా కొసతో ఆ ముఖం తుడిచింది. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుని "కి కి సో సో లార్గ్యలో!" అని అరిచింది. దేవతలకి జయమని, కనుమ దాటినప్పుడల్లా అందరూ అరిచేదే. ఆడవాళ్లంతా తడబడుతూ వంతపాడారు. ఆ అరుపు ఎన్నోసార్లు అరిచింది చొరోల్, పుట్టింటికి వెళ్తూ, పుట్టింటి నుంచి వస్తూ. తన వెనక ఆరుగురిని పెట్టుకుని అరవడం ఇదే మొదలు. వైదేహి కాస్త ఎడంగా నిలబడి ఆమె వంకే చూస్తోంది.

*

మర్నాడు గురువారం మధ్యాహ్నానికి తెమిస్‌గాం చేరారు. దారిలో ఆంగ్‌లో అమ్మ ఇంట్లో అందరికీ మజ్జిగ దొరికింది. సులభ ఆఖరి కనుమ కూడా ఎక్కింది, ఈసారి గోంగూర లాంటి ఏదో ఆకుకూర వండుతూ.

తెమిస్‌గాంలో దిగిన ఇంటి వెనక నేరేడంత జల్దారు కాయలు, అవే ఆప్రికాట్లు, పచ్చగా వేలాడే తోట ఉంది. ఆడవాళ్లంతా బూట్లు విప్పి కాలవలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. వైదేహి నోటుపుస్తకం పట్టుకుని చొరోల్ పక్కన చేరింది.

"దీదీ, ఒక మాట అడగాలి. జూలై, ఆగస్టు నెలలు మొత్తం నా గుంపులు ఈ దారినే వస్తాయి. అందరూ కొత్తవాళ్లే, సులభ కాకీ లాంటివాళ్లే. వాళ్లని మీరు నడిపిస్తారా? లేహ్‌లో పదిరోజుల శిక్షణ ఉంది, ఏర్పాటు నేను చేస్తా. మీకు గైడు కార్డు వస్తుంది."

చొరోల్ చేతిలో టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. ఎన్నేళ్లుగానో అనుకుంటున్నది, ఆ మాటలతోనే, ఎదుటి మనిషి నోటి నుంచి వచ్చింది. ఆమె తల వంచుకుని, చిన్నప్పట్నుంచీ నేర్చుకున్న మాటే అంది.

"అయ్యో, నేనా? నాకేం తెలుసు? పొయ్యి దగ్గర మనిషిని. ఇంకెవరైనా మంచివాళ్లని చూసుకోండి."

వైదేహి ముఖం చిన్నబోయింది. కానీ వెంటనే సర్దుకుని, చొరోల్ చేతి మీద చెయ్యి వేసింది. "అర్థమైంది దీదీ. ఇల్లూ పొలమూ వదిలి రావడం తేలిక కాదు. నేను బలవంతం చెయ్యను."

ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. మాటలో కోపం లేదు, నటన లేదు. ఆమె పెరిగిన చోట వద్దన్న మనిషిని మళ్లీ అడక్కపోవడమే మర్యాద.

చొరోల్ రెండోసారి అడుగుతుందని చూసింది. గ్లాసులో టీ గుక్కెడు గుక్కెడుగా తాగింది. వైదేహి కాలవ వైపు చూస్తోంది. చొరోల్ బూటు తాడు విప్పి మళ్లీ కట్టింది. ఇంకోటీ విప్పి కట్టింది. చివరికి తనే ఒక సందు ఇచ్చింది.

"జూలైలో కనుమ కింద సెలయేరు పొంగుతుంది. పొద్దున దాటాలి, మధ్యాహ్నమైతే కష్టం. దారి తెలిసిన మనిషి ఉండాలి."

"మంచి సంగతి చెప్పారు!" అంది వైదేహి, నోటుపుస్తకం తెరిచి రాసుకుంటూ. "వచ్చే మనిషికి తప్పకుండా చెప్తాను."

అంతే. పుస్తకం మూసేసింది. శనివారం మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉంటామనీ, తర్వాత లేహ్ వెళ్లి వేరే ఎవరినైనా మాట్లాడుకుంటాననీ చెప్పింది. వెళ్లేటప్పుడు సులభ గట్టిగా కావలించుకుంది. చొరోల్ కూరగాయల జీపులో వెనక సీటులో, ఖాళీ బుట్టల మధ్య కూర్చుని ఇంటికి బయల్దేరింది. సింధు నది ఒడ్డున ఎంతసేపు ప్రయాణించిందో, ఎక్కడ మలుపు తిరిగిందో ఆమెకి గుర్తులేదు.

*

"ఒక్కసారే అడిగిందా?" అంది నోర్జోమ్. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఒక్కసారే."

"రెండోసారి అడగలేదా?"

"లేదు ఆమాలే."

"చూడ్డానికి పెద్దింటి మనిషిలా ఉంది. వాళ్లమ్మ ఏమీ నేర్పలేదన్నమాట. ఇంటికొచ్చిన కుక్కనైనా రెండుసార్లు పిలుస్తాం!"

"ఆవిడ తప్పు కాదమ్మా" అన్నాడు తుండుప్. "బయటివాళ్లు ఒకసారే అడుగుతారు. నేను సైన్యంలో మూటలు మొయ్యడానికి వెళ్లినప్పుడు గుర్తులేదూ? వంటవాడు మద్రాసువాడు. అన్నం గరిటె చూపించి 'ఇంకా?' అనేవాడు. నేను వద్దనేవాణ్ని. గరిటె పక్కవాడి కంచంలోకి వెళ్లిపోయేది. ఆరునెలలు కడుపు మాడ్చుకున్నా. సెలవుకొచ్చినప్పుడు జబ్బు చేసిందని నువ్వు లామాని పిలిపించావు."

"ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది నోర్జోమ్.

"నువ్వు మూడుసార్లు అడగలేదుగా."

చొరోల్ నవ్వలేదు. తుండుప్ అది చూసి గొంతు తగ్గించాడు. "ఫోను చెయ్యి. నంబరుందిగా. వస్తానని చెప్పు, అయిపోతుంది."

ఆమె మేడ మీదికి వెళ్లింది, నంబరు నొక్కింది, మోగకముందే కట్ చేసింది. ఏమని చెప్తుంది? వద్దన్నాను గానీ అది వద్దు కాదని ఏ హిందీలో చెప్తుంది? వద్దన్నదాన్ని అడిగి పుచ్చుకోవడమంటే, పక్కింటి గుమ్మం ముందు గిన్నె పట్టుకుని నిలబడినట్టే. ఇంత వయసొచ్చాక ఆ పని చెయ్యడమా? కిందికి దిగి, ఎంగిలి గిన్నెలు తీసుకుని కాలవ దగ్గరికి వెళ్లింది.

శుక్రవారం నీళ్ల వంతు. తెల్లారేసరికే చొరోల్ చేలో ఉంది. కాలవ గండి తెరిచి, మడి మడికీ పారతో మట్టి తప్పించి నీళ్లు వదులుతోంది. ఎండెక్కాక నోర్జోమ్ కర్ర పొడుచుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చుంది. పక్కన మొలిచిన గడ్డి పీకి అవతల పడేసింది. నీళ్లు బార్లీ మొదళ్లలోకి గలగలా దిగుతున్నాయి.

"నిన్న వచ్చినప్పట్నుంచీ గిన్నెలు చప్పుడు కాకుండా పెడుతున్నావు" అంది చివరికి.

"పెడితే?"

"మొన్నటిదాకా ధనాధనా పెట్టేదానివి. నాకు భయమేస్తోంది."

చొరోల్ పార మీద చేతులాన్చి నిలబడింది. "ఏం లేదు ఆమాలే. అలిసిపోయానంతే."

"నువ్వు అలిసిపోతే ఇంకా గట్టిగా పెడతావు. ఇరవై ఏళ్లుగా వింటున్నా." ముసలావిడ మోకాలు రాసుకుంది. "నువ్వెళ్తే నాకు కష్టమే. లేదనను. పాలిచ్చే ఆ జొమో ఆవు నన్ను దగ్గరికి రానివ్వదు, తంతుంది. అతిథుల వంతు వస్తే మాటలు రావు నాకు. తుండుప్ చేసే టీ పశువులు కూడా తాగవు."

"అందుకే వెళ్లడం లేదుగా."

"అవి చెప్పుకోడానికి ఇంతదూరం రాలేదే పిల్లా. అడగడానికొచ్చా." నోర్జోమ్ వెన్ను నిటారుగా చేసుకుని, శాలువా సర్దుకుంది. పెళ్లి మాటలకి వచ్చిన పెద్దమనిషిలా గొంతు మార్చింది. "చొరోల్, ఆ ఆడవాళ్లని నడిపించడానికి వెళ్తావా?"

చొరోల్ పారతో ఒక మట్టిపెళ్ల పక్కకి తోసింది. తర్వాత వచ్చిన మాట అలవాటు కొద్దీ వచ్చింది. "వద్దు ఆమాలే. ఇంట్లో ఇంత పనుండగా ఎలా వెళ్తాను?"

"ఊఁ" అంది నోర్జోమ్ తృప్తిగా. "ఆ పూణే ఆవిడది ఒకటి, నాది ఒకటి. రెండయ్యాయి." కర్ర పట్టుకుని లేచి, గట్టు వెంట మెల్లగా ఇంటి దారి పట్టింది. చొరోల్ ఆ వంగిన వీపు వంకే చూస్తూ నిలబడింది. ఈలోపు మడి నిండి, నీళ్లు గట్టు తెంచుకుని పక్కవాళ్ల చేలోకి పొర్లాయి. పార తీసుకుని పరిగెత్తాల్సి వచ్చింది.

మిగిలిన పగలంతా ఆమె ఆలోచన ఒక్కటే. అత్తగారు మూడోసారి ఎప్పుడు అడుగుతుందో తెలుసు. భోజనం దగ్గర, కొడుకు కూడా ఉండగా, పద్ధతి ప్రకారం అడుగుతుంది. తను ఊఁ అంటుంది. అంతా సవ్యంగా ఉంటుంది. కానీ రేపు తెమిస్‌గాంలో, ఆ జల్దారు తోటలో, తన వెనక అత్తగారుండదు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. గుమ్మంలో నిలబడి తనంతట తను నోరు తెరవాలి. మన ఇంట్లో మనవాళ్ల ముందే తెరవలేకపోతే అక్కడెలా తెరుస్తుంది?

*

ఆ సాయంత్రం పొద్దు ఇంకా కొండ మీద ఉండగానే ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. చొరోల్ స్క్యూ వండింది, బంగాళాదుంపలూ ముల్లంగీ వేసి, పిండిబిళ్లలు చిక్కగా ఉడికించి. తుండుప్ పక్క చేలోకి నీళ్లు పొర్లిన సంగతి ఎత్తుకున్నాడు. పక్కింటి తాత వచ్చి అరిచాడట. తిట్టాల్సినన్ని తిట్టి, టీ తాగి, మన పార పట్టుకుపోయాడట.

"పార ఎందుకు?"

"గట్టు వేసుకోడానికట. మన నీళ్లకి మన పారే వాడతాడట."

నోర్జోమ్ ఆ మాటలు వినడం లేదు. కంచంలో పిండిబిళ్లని అటూ ఇటూ దొర్లిస్తోంది. నోట్లో ముద్ద నమిలి మింగి, శాలువా సర్దుకుని, గొంతు సవరించుకుంది.

చొరోల్ గరిటె కుండలో పెట్టేసింది. చప్పుడైంది.

"నేను రేపు పొద్దున కూరగాయల జీపులో తెమిస్‌గాం వెళ్తున్నా" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆగితే మళ్లీ ఎత్తుకోలేనని ఆగకుండా చెప్పింది. "ఆవిడ అడగదు. అడగకపోయినా చెప్తా. మొన్న నేను వద్దన్నది నిజం కాదు, నాకు రావాలనుంది, మీవాళ్లని నేనే నడిపిస్తానని చెప్తా. ఈలోపు ఇంకెవరినైనా పెట్టుకుని ఉంటే, వచ్చే ఏడాదికి నా పేరు రాసుకోమంటా. రాసుకునేదాకా అక్కణ్నుంచి కదలను."

తుండుప్ నోటి దగ్గర చెంచా ఆగిపోయింది. నోర్జోమ్ తెరిచిన నోరు మూసుకుంది, మళ్లీ తెరిచింది.

"ఓసి ఆత్రగత్తె! నేను అడగబోతున్నాగా! పొద్దుట్నుంచి దాచుకున్నా ఆ మూడోది. ఒక్క ముద్ద మింగేదాకా ఆగలేకపోయావా?"

"ఆగలేకపోయా ఆమాలే."

ముసలావిడ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. పొయ్యి వెలుగులో ఆ చూపులో కోపం వెతికినా దొరకలేదు. చెయ్యి చాపి చొరోల్ చెంప మీదికి జారిన జుట్టు చెవి వెనక్కి సర్ది, కంచం ముందుకి జరుపుకుంది.

"ఆ జొమో సంగతేంటి మరి?"

"జొమో పని ఈయనది" అంది చొరోల్ తుండుప్ వైపు చూపిస్తూ. "రేపట్నుంచే నాతో పాటు వచ్చి పాలు పితకడం నేర్చుకోవాలి, దానికి ఈ చేతులు అలవాటవ్వాలి. అతిథుల వంతు వచ్చినప్పుడు వంట మీది, మాటలు ఈయనవి. టీ మాత్రం మీరే పెట్టండి. నీళ్ల వంతు రోజున నేను ఎలాగైనా ఇంట్లో ఉండేట్టు చూసుకుంటా. శిక్షణ పదిరోజులూ నేను లేహ్‌లో ఉంటా, కూతుర్ని రోజూ చూసొస్తా. ఇదీ నా మాట."